పొగగొట్టం ముక్క

మార్చి ఇరవై రెండు, ఇంకా వెలుగు రాలేదు.
పాత పొయ్యి పొగగొట్టం ముక్క తీసుకెళ్ళి
పొలంలో మంచులోకి గుచ్చుతాను, నేల తగిలేదాకా.
లోపల చిక్కిన మంచుని వంటింట్లో కరగబెట్టి
అదే కైవారం ఉన్న కాఫీ డబ్బాలో పోసి
స్కూలు స్కేలు ముంచుతాను.
నాలుగు అంగుళాల మూడు గీతలు.
నడుం లోతు తెలుపంతా కలిపి ఇంతే నీరు.
ఇంతే చాలు ముంచడానికి.

విన్నిపెగ్ ఆఫీసుకి ఫోన్ చేసి చెబుతాను.
అవతలి కుర్రాడు అంకె రాసుకుంటాడు, పేరు అడగడు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా వాళ్ళకి నేను
పదిహేడో నంబరు స్టేషన్ని.

మాది తలకిందుల నది.
ఉత్తరానికి పారుతుంది.
ఎక్కడో దక్షిణాన డకోటాలో తల కరిగి పరుగెడుతుంటే
పాదాలింకా ఇక్కడ గడ్డకట్టే ఉంటాయి.
వచ్చిన నీటికి దారి దొరక్క
మా పొలాల మీదికి ఒత్తిగిల్లుతుంది.
కొండ లేదు, గుట్ట లేదు, బల్లపరుపు నేల.
ఇక్కడ చాప కింద నీరు కాదు,
నీరే చాప.

ఏరు ఆమడ దూరముండగానే బూట్లు విప్పే మనిషని
కాఫీ కొట్లో నన్ను చూసి నవ్వుతారు.
నవ్వుకోనీ.
నాకు కావలసింది పగలు ఐదు డిగ్రీలు, రాత్రి సున్నాకి ఆరు దిగువన.
మంచు అప్పు తీర్చేవాడిలా కరగాలి,
కాస్త ఇచ్చి, ఆగి, మళ్ళీ కాస్త.
ఈ ఏడు రాత్రిళ్ళు కూడా ఆగలేదు.
చూరు తెల్లవార్లూ కారింది.
గురువారం దాని మీద వాన.

ఊరి చుట్టూ మట్టికట్ట,
రోడ్డు కోసం అందులో ఒకటే సందు.
నీరు ఇరవై ఆరు అడుగులకి వస్తే సందు పూడ్చాలి.
పూడ్చమని చెప్పాల్సింది నేను.

కట్ట బయట ఒకే ఒక్క ఇల్లు, ఒనెజిమ్‌ది.
అరవై గొర్రెలు, అన్నీ ఈనే రోజులు.
"సగం ఈనిన గొర్రెని లారీ ఎక్కించడం
నీకు తెలిస్తే చెప్పు, లెయొకాడీ, వచ్చేస్తాను."
నాకు తెలియదు.
ఇరవై ఆరు మాత్రం తెలుసు.

శుక్రవారం సాయంత్రం పూడ్చమన్నాను.
లారీలు నల్ల బంకమట్టి దింపాయి,
బూటుని ఉంచేసుకుని కాలు మాత్రం తిరిగిచ్చే మట్టి.
అవతల రోడ్డు మీద ఆయన నిలబడి చూస్తున్నాడు.
మోకాళ్ళు పోయాయి, కోటు గుండీలు పోయాయి.
గడ్డం.
కాసేపు టోపీ ఒక్కటీ మట్టి మీద పెట్టినట్టుంది.
తర్వాత అదీ లేదు.
చెయ్యి ఊపాడో లేదో, అప్పటికి కనపడదు కదా.

ఆ రాత్రి వంతెన దగ్గర మంచుపలకలు
ఒకదాని వీపు ఒకటి ఎక్కి మూలిగాయి.
కట్ట మీద నిలబడి ఆయన కొట్టం దీపం చూశాను.
రెండో రాత్రి కూడా వెలిగింది, నీళ్ళలో ఇంకొకటి తోడుగా.
మూడో రాత్రి రెండూ లేవు.
నేను కట్ట దిగలేదు.
దిగి ఏం చేస్తాను, చుట్టూ నడిచాను అంతే,
ఇసుక బస్తాలు తడుముతూ,
మొన్న పూడ్చిన చోటికి వచ్చినప్పుడల్లా
పక్కకి తప్పుకుని.

తెల్లవారుజామున ఫోన్ మోగింది.
"మెట్లు నాలుగు మునిగాయి, ఐదోది తడిగా ఉంది. రాసుకో."
రాసుకున్నాను.
"పిల్లలు పదకొండు, నా మంచం మీద. రెండు పోయాయి.
దీపానికి నూనె అయిపోయింది."
ఇంకేం అనలేదు. నేనూ అనలేదు.
వెనక ఏదో సన్నగా అరుస్తోంది,
పుట్టి గంట కూడా అయినట్టు లేదు.

విన్నిపెగ్‌కి చేశాను.
"నాలుగు మెట్లు, ఐదోది తడి."
"ఏ స్టేషనండీ?" అన్నాడు కుర్రాడు.
పదిహేడు కాదన్నాను.
పెన్సిలు పట్టుకోమని
ఒనెజిమ్ పేరు
ఒక్కొక్క అక్షరమే చెప్పాను.